వెన్నునీరు చెప్పిన లెక్క

"నడుముల సూది గుచ్చి నీళ్ళు తీస్తరంట. తీసినోళ్ళకు కాళ్ళు పడిపోతయంట. సంతకం పెట్టకుండ్రి బిడ్డా" అంది మా అత్తమ్మ, ఆస్పత్రి వరండాలో చాప మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

అది 2023 ఆగస్టు. హైదరాబాదులో ఒక ఆస్పత్రి. లోపల మంచం మీద మా తోడికోడలి కొడుకు. నాలుగేళ్ళవాడు. మా ఇంట్లో వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ చిన్నోడే. పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, మళ్ళీ మూసేస్తున్నాడు. కుడి కన్ను ముక్కువైపు తిరిగిపోయింది. మా మరిది సంతకం పెట్టాల్సిన కాగితం చేతిలో పట్టుకుని నా వంక చూశాడు. "వదినా, ఏం చేద్దాం?"

ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనే గదా! బి.ఏ. చదివాను. అప్పుడప్పుడూ కథలు రాస్తుంటాను. ఆ రెండూ ఆ పూట ఎందుకూ కొరగాలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయి, "నీళ్ళు తీయకుండా మందులివ్వలేరా అమ్మా?" అని అడిగాను. ఆవిడ విసుక్కోలేదు. "ఆ నీళ్ళలో ఎవరెవరు చేరారో చూడకుండా ఏ మందివ్వమంటారు?" అంది. ఒక చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీస్తూ పది నిమిషాలు మాట్లాడింది. ఈ వ్యాసానికి మొదలు ఆ పది నిమిషాలే. మిగతాది ఆ ఏడాది పొడుగునా ఆస్పత్రి బల్లల మీద కూర్చుని, ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది.

మూడు వారాల జ్వరం

మాది చివ్వెంల. విజయవాడ రోడ్డు మీద సూర్యాపేట దాటాక, దురాజ్‌పల్లి పెద్దగట్టు ఉన్న మండలం మాదే. ఆ జులైలో ఊరంతా నాట్ల హడావుడిలో ఉంది. చిన్నోడికి సాయంత్రం అయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. పొద్దున్నకి తగ్గేది. అన్నం సయించేది కాదు. ఊరికే ఏడ్చేవాడు, ఆడుకోవడానికి పోయేవాడు కాదు. ఊళ్ళో డాక్టరు సిరప్ ఇచ్చాడు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఇంకో సిరప్. రెండోవారంలో పొద్దున లేవగానే వాంతులు మొదలయ్యాయి. తల పట్టుకునేవాడు. మా అత్తమ్మ దిష్టి తీసింది, గట్టు మీది లింగమంతుల స్వామికి మొక్కింది. దిష్టి తీయడం తప్పని నేననను, మా అమ్మాయికి నేనూ తీస్తాను. తీసి, ఇంక తగ్గిపోతుందిలే అని ఊరుకున్నాం చూడండి, అదీ మా తప్పు.

మూడోవారం చివర్లో వాడి కన్ను మెల్లగా లోపలికి తిరగడం మా తోడికోడలు గమనించింది. ఆ సాయంత్రమే సూర్యాపేట, అక్కణ్ణించి రాత్రికి రాత్రి హైదరాబాదు.

"మెదడువాపేమో" అన్నారెవరో కార్లో. ఆ మాట వినగానే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. 2003లో నేను ఇంటర్ చదివే రోజుల్లో, జూన్ నుంచి ఆగస్టు దాకా పేపర్లనిండా అదే మాట. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకి మెదడువాపు వస్తే 183 మంది పోయారు. చాలామంది జ్వరం వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే. పుణె వైరాలజీ సంస్థ పరీక్షలు చేసి అది చండీపుర వైరస్ అని తేల్చింది. నాగపూర్ దగ్గర చండీపుర అనే ఊళ్ళో 1965లో మొదటిసారి దొరికిన వైరస్ అది, ఇసుక ఈగలు కుట్టడం వల్ల సోకుతుందని చెప్పారు. అప్పట్నించీ మా వైపు తల్లులకి పిల్లల జ్వరంతో పాటు ఫిట్సు కనబడితే చాలు, ఆ మాటే గుర్తుకొస్తుంది.

కానీ మెదడువాపు అనేది ఒక జబ్బు పేరు కాదట. వైరస్ వల్ల రావచ్చు, చీము పుట్టించే బాక్టీరియా వల్ల రావచ్చు, క్షయ వల్లా రావచ్చు. జపాన్ మెదడువాపు వరిపొలాల్లో పెరిగే దోమల వల్ల వస్తుంది. ఏది ఎవరి వల్ల వచ్చిందో తెలిస్తేనే వైద్యం. డాక్టరమ్మ బొమ్మ మొదలైంది అక్కడే.

గోడ ఎక్కడుంది?

మన ఒంట్లో రక్తనాళాలు చాలా చోట్ల కొంచెం వదులు అల్లికతో ఉంటాయి. రక్తంలోంచి నీరూ, ఆహారమూ, అవసరమైనప్పుడు తెల్ల రక్తకణాలూ బయటికి వచ్చి పని చూసుకుని పోతుంటాయి. మెదడులో అట్లా కాదు. అక్కడి సన్నటి నాళాల గోడల్లో కణాలు ఒకదానికొకటి కుట్టేసినట్టు బిగుతుగా ఉంటాయి. ఆక్సిజనూ చక్కెరా లాంటివి పోతాయి, చాలా పదార్థాలకి మాత్రం దారి ఉండదు. దీన్నే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అంటారు. రక్తానికీ మెదడుకీ మధ్య అడ్డుగోడ అనుకోండి. నేను మొదట ఇది ఉండ్రుగొండ కోటగోడలాగా మెదడు చుట్టూ ఉంటుందేమో అనుకున్నాను. కాదట. మెదడులోని ప్రతి సన్నటి నాళమూ తన గోడని తానే మోస్తుంది. అవన్నీ కలిపి సాగదీస్తే సుమారు 600 కిలోమీటర్లు. మా ఊరి నించి హైదరాబాదుకి రెండుసార్లు పోయి వచ్చినంత దారి, అరచేతిలో పట్టే తలకాయలో!

ఈ గోడ సంగతి తెలిసిన తీరు కూడా చిత్రమే. 1885లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించాడు. ఒళ్ళంతా రంగు పట్టింది, మెదడు మాత్రం తెల్లగానే ఉండిపోయింది. మెదడుకి ఆ రంగంటే గిట్టదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ తిరగేసి చేశాడు. రంగుని మెదడు చుట్టూ ఉండే నీళ్ళలోకే ఎక్కించాడు. ఈసారి మెదడుకి పట్టింది, ఒంటికి పట్టలేదు. మధ్యలో ఏదో అడ్డం ఉందన్నమాట. ఆ కుట్లు కంటికి కనబడటానికి 1967లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాల్సొచ్చింది.

ఇక వాపు. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. కాసేపటికి ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది దీన్నే. అక్కడున్న కణాలు "ఇక్కడ గాయమైంది, రండి" అని రసాయనాల ద్వారా కేక పెడతాయి. మెదడు చుట్టూ ఉన్న పొరల్లోకి ఏ క్రిమైనా చేరితే అదే కేక అక్కడ పుడుతుంది. అది విన్న నాళం గోడ మారిపోతుంది. మామూలప్పుడు నున్నగా ఉండి తెల్ల కణాలని జారిపోనిచ్చే గోడకి లోపలివైపు కొక్కేల్లాంటివి మొలుస్తాయి. రక్తంలో పరుగెత్తిపోయే తెల్ల కణం ఆ కొక్కేలకి తగిలి ముందు వేగం తగ్గుతుంది, దొర్లుతుంది, ఇంకో రకం కొక్కేనికి గట్టిగా అతుక్కుంటుంది. తర్వాత గోడ మీద పాకుతూ సందు వెతుక్కుని, ఒళ్ళు సన్నం చేసుకుని, అటువైపుకి దూరిపోతుంది. మా తోడికోడలు బొమ్మ చూసి, "తలుపు సందుల నుంచి ఎలుక దూరినట్టే" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అంటే తలుపు తెరుస్తున్నది శత్రువు కాదు, మన ఒళ్ళే. అవసరం ఉండే తెరుస్తుంది. తెల్ల కణాలు పోకపోతే లోపల క్రిములని చంపేదెవరు?

చిక్కు ఎక్కడంటే, వేలు వాస్తే వాయడానికి చోటుంది. పుర్రె ఎముక కదా, సాగదు. గోడ సందులు వదులైనప్పుడు కణాలతో పాటు నీరూ, మాంసకృత్తులూ కారతాయి. లోపలికి పోయిన కణాలు క్రిముల మీద చల్లే ఘాటైన పదార్థాలు పక్కనున్న మెదడు కణాలకీ తగులుతాయి. ఇరుకు సందులో ఇల్లంటుకుంటే ఫైరింజన్లు నాలుగు ఒకేసారి దూరినట్టు. మంటా ఆరదు, మనుషులూ బయటికి రాలేరు.

అయిదు ఉండాల్సిన చోట

మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఒకే నీరు తిరుగుతుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో అది తేటగా ఉంటుంది. ఒక క్యూబిక్ మిల్లీమీటరు నీటిలో తెల్ల కణాలు అయిదుకు మించవు. చీము పుట్టించే మెనింజైటిస్‌లో అవి వేలకి పోతాయి, అందులో న్యూట్రోఫిల్స్ అనే రకం ఎక్కువ. క్షయ అయితే సాధారణంగా వందల్లో ఉంటాయి, లింఫోసైట్లు ఎక్కువ, నీటిలో చక్కెర తగ్గుతుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. వైరస్ అయితే చక్కెర మామూలుగానే ఉండొచ్చు. అంటే వెన్నునీరు తీయడమంటే, గోడ దాటి లోపలికి ఎవరు వచ్చారు, ఎంతమంది వచ్చారు అని లెక్కపెట్టడమే. రక్తపరీక్షలో ఆ లెక్క తెలియదు, స్కానింగులో కణాలు కనబడవు.

మరి కాళ్ళు పడిపోవడం? ఇది మా అత్తమ్మ ఒక్కతి భయం కాదు, ఆ వరండాలో సగం మంది భయం. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది. సూది గుచ్చేది దానికంటే కింద. అక్కడ నీళ్ళలో వేలాడే నరాల పోగులే ఉంటాయి, సూది తగిలితే పక్కకి తప్పుకుంటాయి. తీసేది కొద్ది మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళ ఒంట్లో ఈ నీరు రోజుకి దాదాపు అర లీటరు కొత్తగా ఊరుతుంది. తలలో ఒత్తిడి బాగా పెరిగిందని అనుమానం ఉంటే ముందు స్కాన్ తీసి చూసుకుంటారు. చిన్నోడికీ అలాగే చేశారు. తర్వాత కొందరికి రెండు మూడు రోజులు తలనొప్పి ఉంటుంది. కాళ్ళు పడిపోయినవాళ్ళున్నారే అంటారా? ఉంటారు. వాళ్ళ కాళ్ళని తీసింది చాలావరకు జబ్బే. సూది కంటే ముందే జబ్బు లోపలుంది.

మా మరిది సంతకం పెట్టాడు. అత్తమ్మ ఆ పూట అన్నం తినలేదు.

చిన్నోడి లెక్క 260. ఎక్కువ లింఫోసైట్లే. చక్కెర తక్కువ. డాక్టరమ్మ కాగితం చూసి, "ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అని అడిగింది. ఎవరం మాట్లాడలేదు. మా మామయ్య ఎండాకాలం నుంచీ దగ్గుతూనే ఉన్నాడు. బీడీ దగ్గు అనుకున్నాం. చిన్నోడు రోజూ పడుకునేది తాతయ్య పక్కలోనే.

క్షయ క్రిమి ఊపిరితో లోపలికి పోయి, రక్తంలో కలిసి, మెదడు పొరల దగ్గర చిన్న గుల్లలాగా దాక్కుంటుంది. అది పగిలితే ఆ నీళ్ళలోకి క్రిములు చిమ్ముతాయి. అప్పుడు మొదలయ్యే వాపు నెమ్మదిగా, వారాల తరబడి నడుస్తుంది. అందుకే మూడు వారాల జ్వరం. మెదడు అడుగుభాగంలో చిక్కటి పాకం పేరుకుని, కంటి నరాలని నొక్కుతుంది, నీరు పోయే దారులు మూసేస్తుంది, రక్తనాళాలు వాచి పక్షవాతం కూడా రావచ్చు. చిన్నోడి కన్ను తిరగడం అందుకే.

"బీసీజీ ఇప్పించినం గద మేడం!" అని మా తోడికోడలు వాడి ఎడమ భుజం మీది మచ్చ చూపించి ఏడ్చింది. ఆ టీకా వృథా అని కాదు. పసిపిల్లల్లో క్షయ మెదడుకి పాకే ప్రమాదాన్ని అది బాగా తగ్గిస్తుంది, పూర్తిగా తీసెయ్యదు. మన దేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదలైనప్పుడు మొదట వేసిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానిటోరియం 1915 నించీ క్షయ రోగుల్ని చూస్తూ వచ్చింది. ఆ మచ్చ ఉన్నా సరే, పక్కలో దగ్గే మనిషి ఉంటే పిల్లలకి ప్రమాదమేనని మాకు తెలియలేదు.

స్టెరాయిడా?

క్షయ మందులతో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా రాశారు. ఇక్కడ మళ్ళీ మాకు భయం. ఒకవైపు క్రిమిని చంపమంటూనే, ఇంకోవైపు ఒంట్లో పోరాడే శక్తిని అణచడమేమిటి?

క్రిములు చస్తున్నా వాటి ముక్కలు చూసి ఒళ్ళు కేక పెడుతూనే ఉంటుంది, కణాలు దూరుతూనే ఉంటాయి. స్టెరాయిడ్ ఆ కేకని తగ్గిస్తుంది, గోడ సందులు మళ్ళీ బిగుసుకోవడానికి సాయపడుతుంది, నీరు కారడం తగ్గిస్తుంది. వియత్నాంలో 545 మంది క్షయ మెనింజైటిస్ రోగుల మీద, పద్నాలుగేళ్ళు దాటినవాళ్ళ మీద చేసిన పరిశోధన 2004లో వచ్చింది. స్టెరాయిడ్ లేకుండా మందులు వాడినవాళ్ళలో నూటికి 41 మంది చనిపోతే, స్టెరాయిడ్ కూడా తీసుకున్నవాళ్ళలో 32 మంది. ప్రాణాలు దక్కాయి గానీ, తీవ్రమైన అవిటితనం మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. అప్పటికే జరిగిన నష్టాన్ని స్టెరాయిడ్ వెనక్కి తిప్పలేదు. ఎంత తొందరగా వస్తే అంత మేలని డాక్టర్లు పదేపదే అనేది ఇందుకే. మా మూడు వారాలు గుర్తొచ్చి నాకు ఆ లెక్క చదవబుద్ధి కాలేదు.

ఇంకో విచిత్రం. గోడ మందులని కూడా ఆపుతుంది! పెన్సిలిన్ జాతి మందులు వాపు ఉన్నప్పుడే ఎక్కువగా లోపలికి పోతాయి, వాపు తగ్గుతున్నకొద్దీ తక్కువ పోతాయి. క్షయకి వాడే మందుల్లో ఐసోనియాజిడ్, పైరాజినమైడ్ గోడని బాగానే దాటుతాయి, రిఫాంపిసిన్ అంత బాగా దాటదు. ఊపిరితిత్తుల క్షయకి ఆరునెలలు సరిపోతే, మెదడు క్షయకి ఏడాది దాకా వాడమనేది ఊరికే కాదు.

ఇంటికొచ్చాక జరిగింది చెప్పాలి. స్టెరాయిడ్‌తో చిన్నోడి బుగ్గలు పూరీల్లా పొంగాయి. ఆకలి ఆగేది కాదు, అర్ధరాత్రి లేచి అన్నం అడిగేవాడు. చూడవచ్చిన చుట్టాలావిడ, "స్టెరాయిడ్లు ఎముకలు తింటయ్, ఆపెయ్యి" అని పోయింది. మా తోడికోడలు ఆపేసింది, నాకూ చెప్పలేదు. నాలుగో రోజు వాంతులు, తలనొప్పి. మళ్ళీ హైదరాబాదు. మందు ఉన్నట్టుండి ఆపితే అణిగి ఉన్న వాపు ఒక్కసారి లేస్తుంది. పైగా బయటినించి స్టెరాయిడ్ వస్తున్నన్నాళ్ళూ ఒళ్ళు తన సొంత స్టెరాయిడ్ తయారుచేయడం తగ్గించుకుంటుంది, అదీ ప్రమాదమే. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, అదీ డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే. "అక్కా, నేనే వాణ్ణి చంపుకునేదాన్ని" అని ఆ రాత్రి నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆమెని ఏమనగలను? ఆస్పత్రినించి వచ్చేటప్పుడు మాకు మందుల పేర్లు గుర్తున్నాయి, ఎందుకిచ్చారో గుర్తులేదు.

చిన్నోణ్ణి చూపించుకోవడానికి పోయినప్పుడొకసారి నరాల డాక్టరు గది ముందు బల్ల మీద నా పక్కన ఒక అమ్మాయి కూర్చుంది. ముప్ఫై లోపే ఉంటుంది. ఒక కన్ను మసకబారింది, కాలు తిమ్మిరి. మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారట. "నాకు ఏ క్రిమీ లేదండీ, నా కణాలే నా మీదికొస్తున్నాయి" అంది నవ్వుతూ. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళకి రెండు మూడింతలు ఎక్కువ. అదే గోడ, అవే కొక్కేలు. కాకపోతే పిలవకుండానే కణాలు దూరి నరాల మీది తొడుగుని తింటాయి. తెల్ల కణం మీద ఉండే ఒక పట్టుని కప్పేస్తే అది కొక్కేనికి తగలకుండా జారిపోతుందని 1992లో జంతువుల మీద చూపించారు. ఆ దారినే వచ్చిన నటాలిజుమాబ్ అనే మందుకి 2004లో అమెరికాలో అనుమతి దొరికింది. 2005లో దాన్ని ఆపేయాల్సొచ్చింది. కాపలా కణాలు లోపలికి పోకపోయేసరికి, చాలామంది ఒంట్లో చప్పుడు చేయకుండా పడుండే జె.సి. వైరస్ కొందరి మెదడులో విజృంభించింది. 2006లో గట్టి షరతులతో మళ్ళీ వచ్చింది. కణాలని రానిస్తే ఒక బాధ, రానివ్వకపోతే ఇంకో బాధ. ఆ అమ్మాయిని పిలిచారు, మాట మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది.

రెండోసారి వెన్నునీరు తీసినప్పుడు చిన్నోడి లెక్క 40. ఆ కాగితం చూసి మా తోడికోడలు చేతులు జోడించింది. మామయ్యకి కఫం పరీక్షలో క్షయ తేలింది, ఆరునెలల మందులు సర్కారు దవాఖానాలోనే ఉచితంగా ఇచ్చారు. అప్పట్లో మందులు వాడేవాళ్ళ తిండి ఖర్చుకని నెలకి 500 రూపాయలు బ్యాంకులో పడేవి, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. ఇంట్లో మిగతా అందరికీ, మా అమ్మాయితో సహా, పరీక్షలు చేసి ముందుజాగ్రత్త మందులిచ్చారు. బీడీ మాత్రం మామయ్య దొంగచాటుగా కాలుస్తూనే ఉన్నాడని నా అనుమానం.

చిన్నోడి మందులు 2024 ఆగస్టులో అయిపోయాయి. కన్ను దాదాపు కుదురుకుంది, అలిసిపోతే కాస్త లోపలికి పోతుంది. ఎడమచేతి పట్టు కుడిచేతంత లేదు, బొత్తాలు పెట్టుకోవడం ఇంకా రాదు. 2025 ఫిబ్రవరిలో పెద్దగట్టు జాతరకి వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కి వచ్చాడు. గుట్ట కింద మాకు దూరపు చుట్టం ఒకావిడ కలిసి, మనవడికి పదిహేను రోజుల్నించీ జ్వరం తగ్గట్లేదని, జాతర అయ్యాక మొక్కు తీరుద్దామనుకుంటున్నామని చెప్పింది.

మా అత్తమ్మ బోనం గంప కింద దింపింది. "పొద్దున లేవంగనే కక్కుతుండా? తల పట్టుకుంటుండా? మీ ఇంట్ల ఎవలన్న దగ్గుతుండ్రా?" అని వరసగా అడిగింది. ఆవిడ తలూపింది.

"మొక్కు ఏడికి పోదు. రేపు పొద్దుగాల్నే పేటకు తీస్కపో. నడుముల నీళ్ళు తీస్తమంటే తియ్యనియ్యి" అంది.